స్టిక్కర్ కింద ఏముందో మామయ్యగారికి తెలుసు

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను. ఆయన మామగారిది 22 ఏళ్ల నాటి ఫైబర్ బోటు. 20 అడుగుల పొడవు, పక్కలు ముదురు నీలం, పైన డెక్కు తెలుపు. ఏటా సీజన్‌కి ముందు పెద్దాయన రెండు రోజులు కూర్చుని దాన్ని కడిగి, పాలిష్ పట్టి, వ్యాక్స్ రాసేవారు. పక్కల్లో తన మొహం కనిపిస్తే తప్ప నీళ్లలోకి దింపేవారు కాదట. నాలుగేళ్ల కిందట మోకాళ్లకి ఆపరేషన్ అయ్యాక బోటును కూతురికీ అల్లుడికీ ఇచ్చేశారు. ఆ అల్లుడే ఈ ఉత్తరం రాసినాయన.

ఉద్యోగం, ఇల్లు మారడం, పిల్లాడి బడి, వీటన్నిటిలో పడి మూడేళ్లు బోటు ట్రెయిలర్ మీదే ఉండిపోయింది. పైన కప్పు కూడా లేదు. నీలం కాస్తా బూడిద రంగుకి తిరిగింది. చెయ్యి ఆనిస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు పొడి అంటుతోంది. రెండు నెలల్లో మామగారు వస్తున్నారు, మనవణ్ని దగ్గరుండి మొదటిసారి బోటెక్కించడానికి. "ఈసారి ఎవరికైనా డబ్బిచ్చి పాలిష్ చేయిద్దామనుకుంటున్నాను" అని అల్లుడు ఫోన్లో నసిగితే, "డబ్బిచ్చి తుడిపించుకునేవాడికి బోటెందుకయ్యా" అన్నారట ఆయన.

ఆ మాట గుచ్చుకుని ఈయన ఒక ఆదివారం స్నేహితుడి దగ్గర బఫింగ్ మెషిన్ అరువు తెచ్చుకుని పనిలోకి దిగారు. గంటసేపు బాగానే సాగింది. తర్వాత వెనక పలక మూల దగ్గర నీలం లేచిపోయి కింద తెల్లగా బయటపడింది, రెండు వేళ్ల వెడల్పున. మెషిన్ ఆపేశారు. ఆ చోట చేప బొమ్మ స్టిక్కర్ అతికించారు.

తర్వాత ముగ్గురు పనివాళ్లని అడిగారు. మొదటివాళ్లు ఒక్క రోజులో కడిగి వ్యాక్స్ కొట్టేస్తామన్నారు, డబ్బు తక్కువే. రెండోవాళ్లు ఫొటోలు చూసి, మొత్తం వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్ది మొదలుపెట్టాలి, నాలుగైదు రోజుల పని అని మొదటివాళ్లకి మూడు రెట్లు చెప్పారు. అది తన నెల జీతంలో మూడో వంతు దాటుతుందట. మూడో ఆయన రేటే చెప్పలేదు. "ఇదివరకు ఎన్నిసార్లు మెషిన్ పెట్టారు, రంగు కంపెనీ నుంచి వచ్చిందేనా, మధ్యలో ఎవరైనా వేయించారా అంటూ పోలీసు విచారణ చేశాడు. చిరాకేసి ఫోన్ పెట్టేశాను" అని రాశారు. భార్య మాత్రం, "రెండోవాళ్లతో చేయించేద్దాం, నాన్న అడిగితే మీరే చేశారని నేను చెప్తాను" అంటున్నారట.

ఆయన అడిగింది ఇది: "దీనికి డబ్బు పెట్టడం దండగా? పెడితే ఎవరికి పెట్టాలి? మామయ్యగారికి చెప్పాలా, వద్దా?"

నాలుగు పేజీల ఉత్తరంలో స్టిక్కర్ గురించి మీరు రాసింది ఒకే ఒక్క వాక్యం. అదీ బ్రాకెట్లలో. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ బ్రాకెట్లలోనే ఉన్నట్టు అనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ సుద్ద ఏమిటో చూద్దాం, ఎందుకంటే మీ మూడు కొటేషన్లకీ మూలం అక్కడుంది.

ఫైబర్ బోటుకి పైన కనిపించే రంగు మామూలుగా పెయింటు కాదు. దాన్ని జెల్‌కోట్ అంటారు. రంగు కలిపిన రెజిన్ అది. బోటు తయారుచేసేటప్పుడు అన్నిటికంటే ముందు అచ్చు లోపలి వైపు జెల్‌కోట్ కొట్టి, దాని వెనక ఫైబర్ గ్లాస్ పొరలు పరుస్తారు. అచ్చులోంచి ఊడదీశాక మొదట కొట్టిందే పైపొర అవుతుంది. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. తక్కువే అనిపిస్తుంది గానీ, కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ కన్నా అది దాదాపు పది రెట్లు మందం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పడితే ఈ రెజిన్ పైపైన విరిగి పొడవుతుంది. మీ చేతికి అంటుతున్నది ఆ పొడే. ముదురు రంగుల మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల బోటైతే మీరు ఇంకో రెండేళ్లు గమనించేవారే కాదేమో.

ఇప్పుడు అసలు సంగతి. పాలిష్ అంటే పూయడం కాదు, తీయడం. చచ్చిన పైపొరను కాంపౌండ్ అనే గరుకు ముద్దతో గీకేసి, కింద బతికున్న పొరను పైకి తెస్తారు. వ్యాక్స్ ఒక్కటే పూసేది. అది ఎండకీ నీటికీ అడ్డుగా నిలిచే పల్చటి పూత, అంతే. ఈ రెండింటినీ కలిపి మనం "పాలిష్ చేయించాం" అనేస్తాం. అందుకే ఒకరు ఒక్క రోజు, ఇంకొకరు ఐదు రోజులు అన్నప్పుడు ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని మీకు అనిపించింది. వాళ్లు చెప్పినవి రెండు వేర్వేరు పనులు.

మొదటివాళ్లతో చేయిస్తే ఏమవుతుందో నా అనుభవంతో చెప్పగలను. ఒకప్పుడు నా చిన్న బోటుకి ఇలాగే సుద్ద పట్టినప్పుడు ఒక్క రోజు వ్యాక్స్ పని చేయించాను. సాయంత్రానికి తళతళలాడింది. ఫొటోలు తీసి అందరికీ పంపాను కూడా. ఆరేడు వారాలకి మళ్లీ బూడిద రంగు, ఈసారి మచ్చలు మచ్చలుగా. పొడి మీద రాసిన వ్యాక్స్ ఆ పొడితోనే పోతుంది. తడిగా, నూనెగా ఉన్నంతసేపు రంగు తేరుకున్నట్టు కనిపిస్తుంది, అంతే. అలాగని ఆ పనిని తీసిపారేయను. సుద్ద లేని బోటుకి ఏడాదికి ఒకటి రెండు సార్లు కావలసింది సరిగ్గా అదే. మీ బోటుకి ఇప్పుడు కాదు. మామయ్యగారు వచ్చి నాలుగు రోజులుండి వెళ్లేదాకా మెరిస్తే చాలనుకుంటే మాత్రం అది మీకు చాలుతుంది. ఆ మాట మీకు మీరు చెప్పుకుని తీసుకోండి.

రెండోవాళ్లు చెప్పిన వాటర్ పేపర్ పని అబద్ధం కాదు. సుద్ద బాగా లోతుకి దిగితే 800 లేదా 1000 నంబరు పేపర్‌తో తడి మీద రుద్ది, తర్వాత ఇంకా సన్నటి 1500, 2000 నంబర్లకి వెళ్లి, ఆపైన ఉన్ని ప్యాడ్‌తో కాంపౌండ్, స్పాంజి ప్యాడ్‌తో సన్నటి పాలిష్, చివర్లో వ్యాక్స్ పెడతారు. చేతులు పడిపోయే పని. మూడు రెట్లు అడగడంలో నాకు అన్యాయం కనిపించలేదు. నాకు నచ్చనిది ఒకటే. బోటును చూడకుండా, చెయ్యి పెట్టకుండా, ఫొటోలతోనే వాటర్ పేపర్ ఖాయం చేసేశారు. పేపర్ పెట్టిన ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోంచి కొంత పోతుంది. పోయింది తిరిగి రాదు. మంచి పనివాడు ముందు ఒక మూల రెండడుగుల చదరం కట్టుకుని అన్నిటికంటే మెత్తటి మందుతో మొదలుపెడతాడు. దాంతో కాకపోతేనే ఇంకొంచెం గట్టిదానికి వెళ్తాడు. ఎంత తక్కువ తీసి పని గట్టెక్కించవచ్చో తెలుసుకోవడంలోనే అతని నైపుణ్యం ఉంటుంది. మీరు డబ్బిచ్చేది చేతులకి కాదు, ఆ అంచనాకి.

ఈలోపు ఇంట్లోనే మీరు చేయగల పరీక్ష ఒకటుంది. పక్క మీద బకెట్ నీళ్లు పోయండి. తడిగా ఉన్నంతసేపు పాత నీలం తిరిగొస్తే, పాలిష్‌తో ఆ రంగుకి దగ్గరగా రావచ్చని అర్థం. తడిసినా పాలిపోయినట్టే, ఎగుడుదిగుడు మచ్చలతో కనిపిస్తే ఎంత రుద్దినా పూర్తిగా రాదు. ఏ పనివాడైనా "కొత్త బోటులా చేసిస్తా" అంటే, ఈ తడి రంగు గుర్తు తెచ్చుకోండి.

ఇక మూడో ఆయన. మీకు విచారణలా అనిపించిన ఆ ప్రశ్నలు, ముగ్గురిలో ఆయన ఒక్కడే అడగవలసినవి అడిగాడని చెబుతున్నాయి. ఎందుకో చెప్పడానికి స్టిక్కర్ కిందికి వెళ్లాలి.

"నీలం లేచిపోయి కింద తెల్లగా బయటపడింది" అని రాశారు. ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కంపెనీ నుంచి వచ్చిన నీలం జెల్‌కోట్‌ని మెషిన్‌తో కాల్చేస్తే, అంటే రాపిడికి పొర మొత్తం అరిగిపోతే, మామూలుగా కింద ఫైబర్ కనిపించాలి. పసుపు, ఆకుపచ్చ కలిసినట్టు, కొంచెం వెలుతురు దూరేలా ఉంటుంది, లోపల పోగులు కూడా తెలుస్తాయి. తెల్లగా, ఒకే నునుపుగా కనిపించిందంటే అది పెయింటు కింద వేసే ప్రైమర్ కావచ్చు. లేదా బోటు అసలు తెల్లదై ఉండి, మధ్యలో ఎప్పుడో ఎవరో పక్కలకి నీలం పెయింటు వేయించి ఉండవచ్చు. 22 ఏళ్ల బోటుకి ఇది వింతేమీ కాదు. ఖాయంగా అలాగే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కొన్ని బోట్లకి ముదురు జెల్‌కోట్ వెనక లేతరంగు పొర ఉంటుంది. మూలల్లో జెల్‌కోట్ పల్చగా పడి ఉండటమూ మామూలే. మెషిన్ బరువంతా మూల మీదే పడుతుంది కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు కూడా అక్కడే దెబ్బతింటారు. కానీ గంటలోనే లేచిపోయిందంటే పెయింటే అన్న అనుమానం గట్టిగా ఉంది. పెయింటు పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

పెయింటైతే లెక్కంతా మారిపోతుంది. బోట్లకి వేసే, రెండు పాళ్లు కలిపే పెయింట్లలో చాలావాటి మెరుపు పైపైన ఉండే పల్చటి పొరలోనే ఉంటుంది. గట్టి కాంపౌండ్ పెట్టి ఆ పొరను తీసేస్తే కొన్నాళ్లు బాగుండి, తర్వాత ముందుకన్నా వేగంగా పాలిపోతుంది. దాని మీద వాటర్ పేపర్ పెడితే మీ మూల దగ్గర జరిగిందే బోటంతా జరుగుతుంది. అంటే రెండోవాళ్లకి ఇప్పుడు అడ్వాన్స్ ఇస్తే, నెల జీతంలో మూడో వంతు పెట్టి ఉన్న రంగు పోగొట్టుకునే అవకాశం ఉంది. వాళ్లు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు. మీరు స్టిక్కర్ సంగతి చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

అది పెయింటా, జెల్‌కోటా అన్నది పనివాడు వచ్చి ఒక ఫిట్టింగు విప్పి దాని కింద రంగు చూసి, అంచుల్లో స్ప్రే చినుకులు వెతికి చెప్పగలడు. అతనికన్నా ముందు చెప్పగల మనిషి ఇంకొకరున్నారు. ఆ నీలం ఎప్పుడు వచ్చిందో, 22 ఏళ్లలో ఎన్నిసార్లు చేత్తో రుద్దారో, ఎన్నిసార్లు మెషిన్ పెట్టారో, ఏం మందు వాడారో తెలిసిన మనిషి. మీరు దాక్కుంటున్నది ఆయన నుంచే.

కాబట్టి మీ మూడో ప్రశ్నకి సమాధానం మర్యాదకీ భయానికీ సంబంధించింది మాత్రమే కాదు, పనికి సంబంధించింది కూడా. అయినా ఆజ్ఞ వేయను. మీ ముందున్న దారులు చూద్దాం.

ఫోన్ చేసి అంతా చెప్పేయడం ఒకటి. నాలుగు మాటలు పడతారు, అందులో అనుమానం లేదు. కానీ ఫోన్‌కి ఒక సాకు ఉంది, అదీ నిజమైన సాకే: "మామయ్యగారూ, పనివాడు రంగు కంపెనీదా, వేయించిందా అని అడుగుతున్నాడు. నాకు తెలియలేదు, మీరే చెప్పాలి." అక్కడినుంచి మూల సంగతికి రావడానికి దారి ఉంటుంది. "తెలియక మెషిన్ పెట్టాను, మూల దగ్గర రంగు లేచింది" అంటే ఆయన ముందు అడిగేది బహుశా "ఏ ప్యాడ్ పెట్టావు" అనే. ఇలాంటి పని ఏళ్ల తరబడి చేసినవాళ్లలో ఎక్కడో ఒక మూల కాల్చనివాళ్లు అరుదు. ఆయన కాల్చిన మూల కూడా ఆ బోటు మీదే ఎక్కడో ఉండి ఉండొచ్చు.

ఆయన వచ్చాక, బోటు పక్కన నిలబడి చెప్పడం రెండోది. ఇద్దరూ కలిసి చూస్తారు కాబట్టి మాట తేలికవుతుంది. నష్టమేమిటంటే, ఈ రెండు నెలల్లో పని చేయించలేరు. ఆయన సుద్ద పట్టిన బోటునే చూస్తారు. మనవడి మొదటి ప్రయాణం బూడిద రంగు బోటులో జరుగుతుంది. పిల్లాడికి దాంతో ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బంది పడేది పెద్దవాళ్లిద్దరే. సుద్ద వల్ల బోటు మునగదు. పైగా రంగు గురించి తెలిసిన మనిషి పక్కనుండగా పనివాణ్ని పిలిపించే వీలు ఉంటుంది.

మీ ఇంటావిడ చెప్పిన దారి మూడోది. చేయించేసి, మీరే చేశారని చెప్పడం. ఆవిడ మిమ్మల్ని కాపాడాలని అన్నారు, ఆ ప్రేమని తక్కువ చేయను. కానీ ఆలోచించండి. ఏటా రెండు రోజులు ఆ బోటు మీద చెయ్యి తిప్పిన మనిషి వచ్చి, మీరే చేశారని విని, సంతోషంగా "ఏ కాంపౌండ్ వాడావు, ఎన్నిసార్లు తిప్పావు" అని అడుగుతారు. అబద్ధం అక్కడ మొదలై ఆయనున్నన్ని రోజులూ సాగాలి. వచ్చే ఏడాది ఇద్దరం కలిసి చేద్దామంటే ఏం చేస్తారు? ఇంకో చిన్న సంగతి. స్టిక్కర్ అతికించినప్పుడు మీ అబ్బాయి పక్కన ఉన్నాడా? ఉంటే ఈ చర్చంతా అనవసరం. తాతయ్య కారు దిగేలోపు చెప్పేస్తాడు.

"డబ్బిచ్చి తుడిపించుకునేవాడికి బోటెందుకు" అన్న మాట గురించి కూడా ఒక మాట. మీరు దాన్ని మీ చేతకానితనం మీద తీర్పులా తీసుకున్నారు. నాకు అది మోకాళ్లు సహకరించని మనిషి మాటలా వినిపించింది. ఆయన ఆ పని ఇష్టపడి మానుకోలేదు. డబ్బిస్తే ఎవరైనా చేసేస్తారనే మాట, తాను 18 ఏళ్లు చేసినదాన్ని అంగట్లో సరుకు చేసినట్టు ఆయనకి అనిపించి ఉండొచ్చు. నేను పొరబడి ఉండవచ్చు, ఆయనని చూసింది మీరు. కానీ పనివాడు వచ్చిన రోజు వీడియో కాల్లోనైనా ఆయన్ని ఉంచి, "ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో మీరే చెప్పండి" అంటే, డబ్బు మీరిచ్చినా పని ఆయన చేయించినట్టే ఉంటుంది.

ఇక డబ్బు. దండగా అని అడిగారు. మీరే చేసుకుంటే ఎలా ఉంటుందో ముందు లెక్క వేసుకోండి. రంగు జెల్‌కోటే అని తేలితే, మొదటిసారి చేసేవాళ్లకి అరువు తెచ్చుకున్న రోటరీ మెషిన్ పనికిరాదు. ఒకే చోట గిరగిరా తిరిగే ఆ మెషిన్ వేడి పుట్టిస్తుంది, మూలల్ని తినేస్తుంది. తిరుగుతూ అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ నెమ్మదిగా పనిచేస్తుంది గానీ తప్పుల్ని క్షమిస్తుంది. 20 అడుగుల బోటుకి, ఇంత సుద్దకి, మీరు ఒక్కరే చేస్తే ఒక వారాంతంలో అయ్యే పని కాదు. ఎండలో చేయకూడదు, కాంపౌండ్ ఆరిపోయి గీతలు పెడుతుంది. నీడ, నాలుగైదు ప్యాడ్లు, కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్, గుడ్డలు, మాస్కింగ్ టేప్, మెషిన్ అన్నీ కలిపితే మొదటి కొటేషన్‌కి మరీ దూరంగా ఉండకపోవచ్చు. అయితే ఆ సామాను వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. భుజాల నొప్పి భరించగలిగితే, ఆ పని మీద ఇష్టం ఉంటే అదీ మంచి దారే. మామయ్యగారి మాట గుచ్చుకుందని మాత్రమే చేసేట్టయితే, ఆ కోపంలోనే ఇంకో మూల పోతుంది.

నేనైతే పనిని రెండుగా విడగొడతాను. గీకి తీసే పని, అంటే తప్పు జరిగితే వెనక్కి రానిది, ఒకసారి పనివాడికి ఇస్తాను. కడగడం, వ్యాక్స్ రాయడం నేనే చేసుకుంటాను. వ్యాక్స్‌లో ఏ తప్పు చేసినా తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు, బోటుకి ఏమీ కాదు. కార్నోబా అని ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం ఉంటుంది. దాంతో చేసిన వ్యాక్స్ రాస్తుంటే హాయిగా ఉంటుంది, మెరుపు కూడా వెచ్చగా ఉంటుంది. ఎండలో రెండు మూడు నెలలకన్నా నిలవడం కష్టం. పాలిమర్ సీలెంట్లు, అంటే కృత్రిమ రసాయనాలతో చేసిన పూతలు, అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. సిరామిక్ కోటింగ్ ఏళ్ల తరబడి ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. కానీ అది కింద ఏముంటే దాన్నే మూసి ఉంచుతుంది, గీతలుంటే గీతల్నే. మీరు ఇప్పుడు దాని జోలికి వెళ్లనక్కర్లేదు. మీరు ఏటా వ్యాక్స్ రాస్తూ, మంచి కవరు కప్పితే ఆ గీకే పని మళ్లీ చాలా ఏళ్లదాకా రాదు. ఆ కవరు మూడేళ్ల కిందటే కొని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదని మీకూ తెలుసు, పొడిగించను.

పెయింటని తేలితే దారి వేరు. మెత్తటి పాలిష్, ఆ పెయింటుకి సరిపడే రక్షణ పూత, అంతకుమించి వద్దు. దాంతో తేరుకోకపోతే ఎప్పటికైనా మళ్లీ పెయింటు వేయించాలి. అది ఇంకో పెద్ద ఖర్చు. దాన్ని ఈ సీజన్‌లోకి లాగనక్కర్లేదు, ఒక సంవత్సరం పాలిపోయిన నీలంతో తిరగవచ్చు.

పనివాడు మూడో ఆయనే కానక్కర్లేదు, కానీ ఆయనకి మళ్లీ ఫోన్ చేయడంలో చిన్నతనం లేదు. "ఆ రోజు పెట్టేశాను, మీ ప్రశ్నలకి ఇప్పుడు సమాధానాలు దొరికాయి" అనండి చాలు. ఎవరినైనా ఒప్పుకునే ముందు స్టిక్కర్ కింద చూపించండి. పాలిష్ పట్టేవాడు ఆ మచ్చని పోగొట్టలేడు. అక్కడ లేనిదాన్ని రుద్ది తీసుకురాలేరు కదా. దానికి జెల్‌కోట్ ప్యాచో, పెయింటు టచప్పో వేరే పని, వేరే లెక్క. పాత నీలానికి రంగు కలపడం కష్టం కాబట్టి మిగతా పక్కలు పాలిష్ అయ్యాక, బయటపడిన రంగుకి సరిపోల్చి చేయిస్తే బాగా కలుస్తుంది. మచ్చ కోసమే పాలిష్ చేయిస్తున్నట్టయితే మాత్రం ఆ ఖర్చు దండగే.

మాటల్లో కాకుండా కాగితం మీద, కనీసం మెసేజ్‌లోనైనా కొన్ని ఉండాలి. ఎన్ని దశల పని, ఏ దశలో ఏం వాడతారు, ముందు చిన్న చదరంలో చేసి చూపిస్తారా, ఆ చదరంలో వచ్చిన మెరుపే మొత్తానికీ ప్రమాణమా. చాలామంది అడుగుకి ఇంత అని పొడవును బట్టి రేటు చెబుతారు. రెండు 20 అడుగుల బోట్లలో ఒకటి తెల్లగా, బాగుండి, ఇంకొకటి మీదానిలా ఉంటే పని ఒకటి కాదు. అందుకే చూశాక చెప్పిన రేటునే నమ్మండి. డెక్కు మీద కాలు జారకుండా గరుకుగా ఉండే భాగాలకి వ్యాక్స్ తగలకూడదని గట్టిగా చెప్పండి. మీ అబ్బాయి తడి కాళ్లతో నడిచేది అక్కడే. నీటి గీత కింద, అంటే బోటు నీళ్లలో మునిగి ఉండే భాగంలో, నాచూ గవ్వలూ పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింటు ఉంటే దాని జోలికి పోకూడదు. ప్లాస్టిక్ కిటికీలకి, రిజిస్ట్రేషన్ నంబర్లకి, రబ్బరు అంచులకి టేప్ వేయాలి. సిలికాన్ ఎక్కువగా ఉన్న మెరుపు మందులు వాడొద్దని అడగండి. తర్వాత ఎప్పుడైనా పెయింటు వేస్తే అది పట్టక చేప కళ్లలా గుంటలు పడతాయి. మూల కాలిపోతే ఎవరిది బాధ్యత, వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అని అడిగినప్పుడు ఎవరైనా మొహం చిట్లిస్తే అక్కడితో ఆపేయండి.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. పాలిష్ అయ్యాక, వ్యాక్స్ పెట్టకముందు ఒకసారి చూస్తానని చెప్పండి. పాలిష్ మందుల్లోని నూనెలు గీతల్ని కప్పేస్తాయి. ఒక చోట సబ్బునీళ్లతో తుడిపించి, సాయంత్రం ఏటవాలు ఎండలో పక్క నుంచి చూడండి. ముదురు నీలం మీద సాలెగూడులాంటి గుండ్రటి గీతలుంటే అప్పుడే తెలుస్తాయి. పని బాగుంటే బాగుందని కూడా చెప్పండి. చాలామంది చెప్పరు.

మిగిలింది స్టిక్కర్. అది ఆ చోటుని మూసి కాపాడుతుందని మీరు అనుకుని ఉంటే, కాపాడదు. అంచుల్లోంచి నీళ్లు కిందికి చేరతాయి, రిపేరుకి ముందు ఆ చోటు పూర్తిగా ఆరాలి. నీటి గీతకి పైన, ట్రెయిలర్ మీదే ఉంది కాబట్టి రోజుల్లో మునిగిపోయేదేమీ లేదు. బోటును మాత్రం అలాగే రోజుల తరబడి నీళ్లలో ఉంచకండి. తీసేటప్పుడు గోటితో పీకకండి, చుట్టూ పట్టు తప్పి ఉన్న నీలం కూడా దాంతో లేచొస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేస్తూ ఒక మూల నుంచి నిదానంగా ఒలవాలి. ఆ సమయానికి ఫోన్ కెమెరా ఆన్ చేసి అవతల మామయ్యగారు ఉంటే, కింద ఉన్న తెలుపు ఏమిటో ఆయన అక్కడికక్కడే చెప్పేస్తారు.